పద్దెనిమిది పళ్లు

పుదుపేటలో ముందు పలకరించేది కూవం వాసన.
తర్వాత హారన్లు: కొనేముందు ప్రతివాడూ
ఒకసారి మోగించి చూసుకుంటాడు కదా.
ఆపైన తలుపులు. బండ్లు లేని తలుపులు,
ఎవరిని దింపాలో మరిచిపోయి
గోడకి ఆనుకుని నిలబడ్డవి.

నైనా మొహమ్మద్ కొట్టు ముందు
నేను పళ్లు అన్నాను, ఆయన పల్లు అన్నాడు.
సూళ్లూరుపేట జామకాయల బండివాడు
తననే అనుకుని తలెత్తాడు.

నాకు కావలసింది బొటనవేలి గోరంత చక్రం.
గేర్‌బాక్స్ తోకలో, కేబుల్ మొదట్లో కూర్చుని
టైర్లు చెప్పింది ముల్లుకి మోసుకెళ్లేది.
నా హెరాల్డ్‌లో అది అబద్ధాలు మోస్తోంది.
తాంబరం దాటాక రాయి నుంచి రాయికి
పది కిలోమీటర్లు లెక్కపెట్టాను.
మీటరు పదకొండుంబావు అంది.

మందులషాపులో మాత్రలు లెక్కపెట్టే వేళ్లు నావి.
రసీదు వెనక పెన్సిలుతో వేశాను:
పదహారు పళ్లున్నచోట పద్దెనిమిది ఉండాలి.

ఆయన బిస్కెట్ల డబ్బా బోర్లించాడు.
పాతబడి పసుపెక్కిన నైలాన్, నల్లబడ్డ ఇత్తడి.
"ఇత్తడి అరుస్తుంది, అరగదు.
నైలాన్ అరుగుతుంది, అరవదు.
వాలు చూసుకోండి. మీది ఎడమవాలు.
కుడివాలు పెట్టారో,
రెండూ పళ్లు నూరుకుంటాయి."

వెతికాం. పదిహేను, పదిహేను, పంతొమ్మిది,
ఒక పన్ను ఊడిన పద్దెనిమిది,
పదిహేడు.
"ఇది పట్టుకెళ్లండి. ఒక్క పన్నేగా, ఎవరికి తెలుస్తుంది?"
నేను మాట్లాడలేదు.
ఆయన నిట్టూర్చి, నా పాత చక్రాన్ని వెలుతురుకి ఎత్తాడు.
అంచున ఎర్రటి చుక్క, గోళ్లరంగుది.

"ఈ చుక్క నేను పెట్టిందే. బండి ఎవరిది?"

వరదరాజులు మాష్టారిది. పెరంబూరు, డ్రైవింగ్ స్కూలు.
నేను ఆ సీట్లోనే నేర్చుకున్నాను.
స్కూలు మూసేసిన రోజు ఆ సీటుతో సహా కొన్నాను.

"ఆయన పద్దెనిమిదే అడిగాడు," అన్నాడు నైనా.
"లేదన్నాను. ఇది పెట్టుకోండి, వచ్చేనెల వస్తుందన్నాను.
ప్రతినెలా వచ్చేవాడు. టీ తాగి వెళ్లేవాడు.
తర్వాత టీకి మాత్రమే వచ్చేవాడు."

అప్పుడు గుర్తొచ్చింది.
మాష్టారిది కిలోమీటర్ల లెక్క.
క్లాసుకి మీటరు మీద అయిదు, అంతే, గీత గీసినట్టు.
పదహారు క్లాసులకి డబ్బు కట్టించుకుని
పద్దెనిమిది చెప్పేవాడు.
చివరి రెండూ ఎందుకు ఊరికే అని అడిగితే
కిటికీలోంచి బయటికి చూస్తూ
"అద్దం చూసుకో, వెనక లారీ" అనేవాడు.
వెనక ఎప్పుడూ లారీ ఉండేది కాదు.

నైనా నిచ్చెనెక్కి
పైఅర నుంచి ఇంకో డబ్బా దించాడు.
అడుగున, దారంతో కట్టిన కాగితం పొట్లంలో
ఎడమవాలు, పద్దెనిమిది.
రెండుసార్లు లెక్కపెట్టాను.
"ఎప్పుడొచ్చింది ఇది?"
"ఆయన టీకి కూడా రావడం మానేశాక."
బాగున్నాడా అని అడగలేదు, నేనూ చెప్పలేదు.
నాలుగు వందల యాభై, బేరం లేదన్నాడు.
ఇచ్చాను.

మీటరు మీద ఎనభై ఒక్క వేలు.
అందులో తొమ్మిది వేలు
ఈ బండి ఎక్కడికీ వెళ్లలేదు.
వాటిని చెరపడానికి పనిముట్టు ఏదీ అమ్మడు నైనా.

ఆదివారం పొద్దున మౌంట్ రోడ్డు ఖాళీ.
నలభై, చాలు, ఊరెక్కడికీ పోదు
అని మాష్టారు నేర్పినంతే నొక్కాను.
ముల్లు ముప్పై అయిదు దాటి
అక్కడే వణుకుతూ నిలబడింది.
పాదం నమ్మలేదు, ముల్లూ ఒప్పుకోలేదు.
పాత పదహారు యాష్‌ట్రేలో గలగలమంటోంది.
అద్దం చూసుకున్నాను.
వెనక, నిజంగానే, లారీ.